సీతాఫలం అంటిన వేలు

నా భార్య పోయిన సంగతి ఊరికి నేను చెప్పలేదు. అంగన్‌వాడీ తలుపుకున్న తాళం చెప్పింది. యాలాల్ మండలంలోని ఆ పల్లెలో ఆమె పద్నాలుగేళ్లు టీచరు. పొద్దున తొమ్మిదింటికి తలుపు తెరుచుకోకపోతే ఏదో జరిగిందని మూడేళ్ల పిల్లలకు కూడా తెలుసు. వాళ్లే ఇళ్లకు పోయి చెప్పారు. మధ్యాహ్నానికి ఊరికి ఊరే ఆటోల్లో తాండూరులోని మా ఇంటికి వచ్చింది.

మూడు రోజులు జ్వరంతోనే పోయి ఆ తలుపు తెరిచింది. నాలుగో రోజు ఆమె లేదు. దాని గురించి ఇంతకన్నా రాయాలని లేదు.

మీలో చాలామందికి ఆమె తెలియదు. తెలిసినవాళ్లకు ముందు గుర్తొచ్చేది ఆమె నవ్వు. ఆ నవ్వు గురించి రాయాలంటే మా కవలలు కడుపులో ఉన్న రోజుల దగ్గరికి పోవాలి.

వికారాబాద్‌లో స్కానింగ్ చేసి ఇద్దరున్నారని చెప్పిన రోజు మా అమ్మ వాకిట్లోనే ఆపింది.

"జంట అరటిపండు తినొద్దంటే విన్నవా పిల్లా?"

"తిన్నది నేను గాదు అత్తమ్మా. నీ కొడుకు."

ఆ రోజు నుంచి మా ఇంట్లో పొయ్యి ఆరలేదు. "ముగ్గురికి తినాలె బిడ్డా" అని అమ్మ ఆమె పళ్లెంలో మూడు గరిటెలు వేసేది. పాలల్లో బెల్లం, అన్నంలో నెయ్యి, మధ్యలో నువ్వుల లడ్డూ. గర్భిణులకు తిండి గురించి చెప్పే ఉద్యోగం ఆమెది. అత్త ముందు ఆ ఉద్యోగం పనిచేయలేదు.

ఆరో నెలలో డాక్టరమ్మ గ్లూకోజు నీళ్లు తాగించి రక్తం తీయించింది. షుగర్ ఉందని తేలింది. నేను భయపడ్డాను. గ్లూకోజు తాగిస్తే షుగర్ రాక ఏమొస్తుందని కూడా అన్నాను. డాక్టరమ్మ ఓపికగా చెప్పింది. కడుపుతో ఉన్నప్పుడు మాయ నుంచి వచ్చే పదార్థాలు ఒంట్లో చక్కెరను అదుపు చేసే పనికి అడ్డుపడతాయి. ఇద్దరిని మోసేటప్పుడు ఆ భారం ఇంకా పెరగొచ్చు. తిండి మానొద్దు, పిల్లలు ఎదగాలి. తిండి మార్చాలి, తిన్నాక నడవాలి, వేలు గుచ్చి చూసుకోవాలి. రెండు వారాల్లో అదుపులోకి రాకపోతే ఇన్సులిన్ మొదలుపెట్టాలి. మరీ ఎక్కువైతే ఆసుపత్రిలో చేర్చుకోవాలి.

సూదికి ఆమె భయపడలేదు. చేరడానికి భయపడింది. "మంచం మీద పండుకుంటే నా సెంటర్ పిల్లలను ఎవరు సూస్తరు?" అంది. నా భయం వేరు. ఆ ఇద్దరు క్షేమంగా బయటికి రావాలి. ఈమె కూడా.

ఇంటికొచ్చాక అమ్మ ఒప్పుకోలేదు. "కడుపుతోటి ఉన్నోళ్లకు షుగరేంది? నేను ఆరుగురిని కన్న."

"నువ్వు ఒక్కొక్కరినే కన్నవ్ అత్తమ్మా. నేను ఒక్కపారే జంట తెస్తున్న."

మరుసటి రోజు నుంచి పళ్లెం మారింది. జొన్నరొట్టె, మా తాండూరు కందిపప్పు, ఆకుకూర, గుడ్డు. సెంటర్‌లో మధ్యాహ్నం భోజనం కాగానే అక్కడికొచ్చే గర్భిణులందరినీ లేపేది. "నాకే వచ్చింది, సూడుండ్రి. మీరు గూడ లేవుండ్రి" అని తాను ముందు నడిచేది, వెనక అయిదుగురు కడుపులతో వరుసగా. బడి చుట్టూ పది చుట్లు. ఊళ్లో దానికి మేడం రైలు అని పేరు పెట్టారు. "మీ రైలు ఇయ్యాల లేటా మేడం?" అని ఎవరైనా అడిగితే, "డబుల్ ఇంజన్ గదా, జర మెల్లగ పోతది" అనేది.

పన్నెండు రోజులు లెక్కలు బాగున్నాయి. పదమూడో రోజు ఆదివారం. రొట్టె తిన్న రెండు గంటలకు వేలు గుచ్చుకుంది. షుగర్ చూసే మిషిన్ నేనే పట్టుకున్నాను. రెండు వందల నలభై.

అది సీతాఫలాల కాలం. అనంతగిరి కాయలు ఇంట్లో బుట్ట నిండా మగ్గుతున్నాయి. సీతాఫలం అంటే ఆమెకు ప్రాణం. పెళ్లయిన కొత్తలో కూర్చున్న పట్టున అయిదు తిని ఆరోదానికి నన్ను చూసి సిగ్గుపడింది. నా కళ్లు బుట్ట మీదికి పోయాయి. ఆమె అది చూసింది.

"తిన్నవా?" అన్నాను.

"తినలే."

"మరి రెండు వందల నలభై ఎట్లొచ్చింది?"

"మిషిన్‌నే అడుగు."

ఇంకోసారి గుచ్చి చూద్దామన్న ఆలోచన నాకు రాలేదు. చదువుకున్నవాణ్ని. అంకె కనబడితే మనిషిని నమ్మడం మానేస్తాను. బట్టల సంచి సర్దించి, దొరికిన ప్యాసింజరు ఎక్కించాను. ధారూరులో సీతాఫలాల బుట్టలతో ఆడవాళ్లు ఎక్కారు. డబ్బా అంతా ఆ వాసన. ఆమె మొహం కిటికీ వైపు తిప్పుకుంది. వికారాబాద్ దాకా ఒక్క మాటే మాట్లాడింది, అది కూడా కిటికీతోనే.

"మొగోనికి మిషిన్ మీదున్న నమ్మకం పెండ్లాం మీద లేదు."

ఆసుపత్రిలో సిస్టరు కొత్త స్ట్రిప్పు పెట్టి ఆమె వేలు పట్టుకుంది. గుచ్చలేదు. ముక్కు దగ్గర పెట్టుకుంది.

"పొద్దుగాల సీతాఫలం ముట్టినవా అమ్మా?"

"మా అత్తమ్మకు గింజలు తీసిచ్చిన. ఆమెది బోసినోరు."

"మల్ల చేతులు కడిగినవా?"

ఆమె తన వేళ్లను చూసుకుంది. "కొంగుకు తుడిచిన."

సిస్టరు ఆమెను నల్లా దగ్గరికి తోలింది. సబ్బుతో కడిగించి గుచ్చింది. నూట ఆరు. పొద్దున మిషిన్ చూపిన దాంట్లో సగం పండుదే. వేలికి అంటిన రసం కూడా రక్తపు చుక్కలో కలిసి లెక్కలోకి వస్తుందని అప్పుడు తెలిసింది. డాక్టరమ్మ వచ్చి, రెండు వారాల అంకెలన్నీ చూసి, ఇన్సులిన్ ఇప్పుడు అవసరం లేదు, ఇట్లాగే చూసుకోండి అంది.

అప్పుడు నవ్వింది మా ఆవిడ. గోడకు ఆనుకుని, రెండు చేతులతో కడుపు పట్టుకుని. వరుసలో కూర్చున్న గర్భిణులు, వాళ్ల తల్లులు, చివరికి వాచ్‌మన్ కూడా ఎందుకో తెలియకుండానే నవ్వారు. నేను బట్టల సంచి పట్టుకుని నిలబడ్డాను. తప్పయిందని అనలేదు. అనడం నాకు చేతకాదు.

ఆమె వదల్లేదు. మరుసటి రోజు నుంచి వేలు గుచ్చుకునే ముందు చేతులు కడుక్కుని, తడి వేళ్లు నా మొహం మీద విదిలించేది. "కడిగిన. సూస్కో." రోజుకు నాలుగుసార్లు పరీక్ష. నాలుగుసార్లు నా మొహం తడిసేది.

జనవరిలో ఆపరేషన్ చేశారు. ముందు కూతురు, వెనకే కొడుకు. ఇద్దరూ రెండు కిలోలు దాటారు. ఇట్లాంటి తల్లులకు పుట్టిన పిల్లలకు కూడా షుగర్ చూస్తారట, మడమ దగ్గర గుచ్చి. మంచం మీద కదల్లేని మనిషి తల తిప్పి అడిగింది, "కాళ్లు కడిగిన్రా సిస్టర్?"

ఇద్దరికీ బాగుంది. కొన్ని వారాలకు చేసిన పరీక్షలో ఆమెకూ మామూలుకు వచ్చింది. అయినా ఏటా చూసుకోమన్నారు, ముందు ముందు రావచ్చని. పిల్లల పుట్టినరోజు నాడే ఆమె పరీక్ష. కేకు కోసే ముందు వేలు గుచ్చుకునేది. పన్నెండేళ్లలో ఒక్కసారి తప్పలేదు.

సీతాఫలాలు మళ్లీ వచ్చేసరికి పిల్లలకు తొమ్మిదో నెల. చెరో తొడ మీద ఒకరు, ఆమెకు చేతులు ఖాళీ లేవు. నేను బుట్ట తెచ్చి పక్కన కూర్చున్నాను. సబ్బుతో చేతులు కడుక్కున్నాను. కాయ విప్పి, ఒక్కో గింజా తీసి, గుజ్జు ఆమె నోట్లో పెట్టాను. నాలుగు కాయలు తింది. అయిదోది విప్పుతుంటే అంది.

"సాలు. ఇగ మాఫ్."

ఏడాది పట్టింది. మాఫ్ చేసినా మాట మాత్రం ఉండిపోయింది. ఎవరి మీదైనా నేను తొందరపడి ఏదైనా అంటే, "ముందు చేతులు కడుక్కొని రా, తర్వాత మాట్లాడుదువు" అనేది. పిల్లలు కూడా నేర్చుకున్నారు. పెన్ను ఎవరు తీశారని నేను అరిస్తే, ఇద్దరూ కలిసి నల్లా వైపు వేలు చూపిస్తారు.

పోయిన వారం సెంటర్‌కు వెళ్లాను. ఆమె పాత మిషిన్ అక్కడి బీరువాలో ఉంది. ఊళ్లో గర్భిణుల కోసం అక్కడే ఉంచేది, స్ట్రిప్పులు తానే కొనేది. ఆమె వస్తువుల్లో నాకు కావాలనిపించింది అదొక్కటే. ఇంటికి తెచ్చుకుందామని పోయాను. సెంటర్‌లో వంట చేసే ఆయమ్మ బీరువా తీసి నా చేతిలో పెట్టింది.

భోజనాలు అయిపోయి చాలాసేపయింది. గుమ్మంలో ఒక అమ్మాయి నిలబడి ఉంది. పెద్ద కడుపు, ఏడో నెలట.

"మిషిన్ తీస్కపోతున్నవా సారూ?" అంది.

ఆయమ్మ చెప్పింది. "ఆమెకు గూడ జంటనే సారూ. షుగర్ గూడ ఉన్నది. మేడమే పట్టుకపోయి పరీక్ష చేపిచ్చింది."

నేను మిషిన్ బల్ల మీద పెట్టాను. "చూసుకోమ్మా" అన్నాను.

ఆమె కూర్చోలేదు. ముందు బయటి నల్లా దగ్గరికి పోయింది. సబ్బుతో మోచేతుల దాకా కడుక్కుంది. తిరిగొచ్చి, తుడుచుకోకుండా, నా ముందే రెండు చేతులూ గట్టిగా విదిలించింది. నీళ్లు నా మొహం మీద పడ్డాయి.

ఆయమ్మ నోటి మీద చెయ్యి పెట్టుకుంది. అమ్మాయి బిత్తరపోయింది. "మాఫ్ చెయ్యి సారూ. గట్లనే చెయ్యాల్నని మేడం చెప్పింది."

నేను నవ్వాను. ఆమె పోయిన తర్వాత నవ్వడం అదే మొదలు.

నూట పద్నాలుగు వచ్చింది. మిషిన్ బీరువాలో పెట్టి, తాళంచెవి ఆయమ్మకిచ్చి, స్ట్రిప్పుల డబ్బా ఎప్పుడు అయిపోతుందో అడిగి తెలుసుకుని బయలుదేరాను.

నేను బండల పాలిషింగ్ యూనిట్‌లో పనిచేస్తాను. పాలిష్ బాగా పట్టిన బండ మీద నీటి చుక్క పరుచుకోదు, పూసలా నిలబడుతుంది. సెంటర్‌లో నేలకు పరిచిన బండలు మా యూనిట్‌వే. గుమ్మం దాటుతూ వెనక్కి చూశాను. బల్ల దగ్గర నుంచి నేను నిలబడిన చోటు దాకా ఆ చుక్కలు అట్లాగే ఉన్నాయి. అమ్మాయి వాటిని తొక్కకుండా పక్కనుంచి దాటి, చేతులు ఊపుకుంటూ, బడి చుట్టూ నడవడానికి పోయింది.