పీర్ మహమ్మద్ వేసిన డైరెక్టు

ఆత్మకూరులో కార్ల కరెంటు పని చేసే పీర్ మహమ్మద్‌కి పనితనం ఎంతో నోటిదురుసూ అంతే. అంతకుముందు బండిలో చెయ్యి పెట్టినవాణ్ణి తిట్టనిదే స్క్రూడ్రైవర్ పట్టడు. అందరికంటే ఎక్కువ తిట్లు ఎదురు షెడ్డు కోటేశ్వర్‌కి. తన దగ్గర ఎనిమిదేళ్లు పని నేర్చుకుని, తన ముందే బోర్డు కట్టినవాడు. ఏకు మేకవడమంటే అదే మరి.

ఆ పొద్దు దుత్తలూరు రాజమోహన్ సెకండ్ హ్యాండ్‌లో కొన్న కారుని తోయించి, స్టార్ట్ చేసుకుని వచ్చాడు. వెనక సీట్లో వాళ్లమ్మ కామాక్షమ్మ. కాలికి పిండికట్టు.

"ఒకసారి తాళం తిప్పితే చప్పుడే ఉండదు. ఇంకోసారి క్లచ్ తొక్కకుండానే దూకతాది. మొన్న గేరులో ఉండాదని చూసుకోకుండా తిప్పినాను, ముందర మా అమ్మ నిలబడి ఉండాది. దీంట్లో చెయ్యి పెట్టినోడు ఎవుడో చెప్పు సాయిబూ. వాడి అంగడి మూయిస్తా!"

"చూసేదేముంది?" అంటూ పీర్ మహమ్మద్ ఎదురు షెడ్డు వైపు గడ్డం ఎగరేశాడు. ఆ మాట అన్నందుకు అతని కడుపు చల్లబడింది.

పెడల్ దగ్గర తల దూర్చాడు. ఆ కారులో క్లచ్ తొక్కితేనే పెడల్ మీది చిన్న స్విచ్ కలిసి స్టార్టర్‌కి కరెంటు వదులుతుంది. టెస్ట్ లైటు పెట్టాడు. వచ్చే వైరులో కరెంటు ఉంది. పెడల్ తొక్కి చూశాడు, అవతలి వైరులో లేదు. చెయ్యి పోనిచ్చి కిందికి లాగితే అసలు సంగతి బయటపడింది. స్విచ్‌ని వదిలేసి రెండు వైర్లూ మెలేశారు. మెకానిక్కులు దీన్నే డైరెక్ట్ చేయడం అంటారు. రాగికి చిలుం పట్టి, కరెంటు ఒకసారి పారుతూ ఒకసారి ఆగుతూ ఉంది.

"ఏ గాడిద చేసినాడ్రా ఇది?" అంటూ టేపు పీకాడు.

టేపు కింద నూలుదారం. మూడు చుట్లు, ఒక ముడి. ఎండకి టేపు జారినా మెలి ఊడకూడదని అలా దారం కట్టేది ఈ చుట్టుపక్కల తానొక్కడే. కోటేశ్వర్‌కి ఎన్నిసార్లు చెప్పినా ఆ ఓపిక రాలేదు. ఆరేళ్ల కిందట కొండాపురం డ్రైవరొకడు ఈ కారే తెచ్చి తొందరపెడితే, నెల్లూరు నుంచి స్విచ్ వచ్చేదాకా అని తానే ఈ డైరెక్టు వేశాడు. ఆ డ్రైవరు మళ్లీ రాలేదు, తానూ మరిచిపోయాడు.

"కోటేశ్వర్ గాడేనా?" రాజమోహన్ పళ్లు కొరికాడు.

తల ఊపితే చాలు, రేపటికి ఎదురు షెడ్డు ఉండదు. మెలి విప్పుతూ తెంపిన దారం పిడికిట్లోనే ఉంది, ఎవరూ చూడలేదు. కానీ తలెత్తితే ఎదురుగా ఆ పిండికట్టు. పీర్ మహమ్మద్‌కి తన మీద తనకే అసహ్యం వేసింది.

"కాదు. నేనే," అన్నాడు. "అమ్మ కాలు ఇరిగింది నా వల్లనే. కొత్త స్విచ్ తెప్పించి నేనే ఏస్తా."

రాజమోహన్ అతని కాలర్ పట్టుకున్నాడు.

"కొట్టబాకరా!" అని కామాక్షమ్మ అరిచింది.

కాలర్ వదిలి, తుపుక్కున ఉమ్మి, మనుషుల్ని పిలిచి కారుని ఎదురు షెడ్డుకి తోయించాడు. కోటేశ్వర్ నవ్వు దాచుకోకుండా పెడల్ కింద చూశాడు.

"స్విచ్ ఇప్పుడు యాడ దొరకతాదన్నా? డైరెక్ట్ చేసేస్తా, పది నిమిషాలు."

పీర్ మహమ్మద్ ఒక్క ఉరుకున రోడ్డు దాటాడు.

"వద్దురా కోటీ! ఆ పని నీకు నేర్పింది నేనేరా!"

"గిరాకీ పోయిందని ఏడుపా?" అంటూ కోటేశ్వర్ వైర్లు పట్టుకున్నాడు.

పీర్ మహమ్మద్ పోయి కారు ముందు, బంపరుకి మోకాళ్లు ఆనించి నిలబడ్డాడు.

"అయితే చెయ్. చేసి, గేరులో పెట్టి తాళం తిప్పు."