మౌనిక పట్టీల వెండి

ఇది ఎవరికీ చెప్పలేదు. నా భార్యకు చెప్పలేదు. పని నేర్పిన నాన్న మంచాన పడి ఉన్నప్పుడు, ఆయనకైనా చెప్పేద్దామని నోరు తెరిచి, మందుల సంగతి ఏదో మాట్లాడి లేచి వచ్చాను. ఏళ్లు గడిస్తే బరువు తగ్గుతుందంటారు. నాకు తగ్గలేదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీతో చెప్పగలుగుతున్నాను.

వికారాబాద్‌లో వెండి పని చేస్తాను. నాన్న పట్టీలు, మట్టెలు చేసేవాడు. నేను ఆకాశాన్ని పట్టుకున్నాను. నెలవంక, సప్తర్షులు, గొల్లకావడి. నల్లగా చేసిన వెండి రేకు మీద చుక్కల్లాగా చిన్న చిన్న వెండి గుండ్లు అతికి లాకెట్లు, కమ్మలు చేస్తాను. ఫోన్లో ఫొటోలు పెడితే హైదరాబాదు వాళ్లు తెప్పించుకుంటారు.

ఒకరోజు తాండూరు నుంచి ఒకామె వచ్చింది. బాలమణి అనుకోండి. భార్యాభర్తలిద్దరూ బండల పాలిషు పనిలో ఉండేవారు. ఒక్కతే బిడ్డ, జ్వరమొచ్చి పోయింది. మూడో తరగతి. ఆ పిల్ల పేరు మాత్రం మార్చడానికి నాకు చెయ్యి రావడం లేదు. మౌనిక.

కొంగు ముడి విప్పి ఆ పిల్ల పట్టీలు బల్ల మీద పెట్టింది. వీటిని కరిగించి పిల్లలకోడి చెయ్యమంది. చలి రోజుల్లో తల్లీబిడ్డలు వాకిట్లో కూర్చుని ఆ చుక్కల గుంపును చూసేవారట. పెద్ద చుక్క నువ్వు, పక్కన చిన్నది నేను అనేదట పిల్ల. బాలమణి నన్ను ఒక్కటే అడిగింది, వేరే వెండి కలపొద్దని. సరేనన్నాను.

పట్టీలు పాతవి. అతుకతుకునా టంకం. కరిగిస్తే ఆ టంకమంతా వెండిలో కలిసింది. రేకుగా సాగగొడితే బీటలు వారింది. మళ్లీ కరిగించాను, మళ్లీ బీటలే. నాన్నను అడిగి ఉంటే ఏదో ఉపాయం చెప్పేవాడు. అడగలేదు. ఆయన పని పాతకాలపుదని, నాది కళ అని నలుగురిలో చెప్పుకుని తిరుగుతున్న రోజులవి, ఏ ముఖం పెట్టుకుని అడుగుతాను? సంవత్సరీకం దగ్గర పడింది. ఆ లోపల ఇస్తానని మాట ఇచ్చి ఉన్నాను. మంచి వెండి పక్క డబ్బాలోనే ఉంది. దాంతో చేసేశాను.

పోనీ, ఆ బీటలు వారిన రేకునైనా దాచానా? లేదు. కళ్లెదురుగా ఉంటే పని సాగలేదు. శుద్ధికి హైదరాబాదు పంపే తుక్కు సంచిలో వేసేశాను. పొరపాటున పడిందని నాకు నేను చాలాకాలం చెప్పుకున్నాను. పొరపాటున పడలేదు. ఈ చేత్తోనే తీసి వేశాను.

లాకెట్ తీసుకోవడానికి వచ్చినప్పుడు, అంతా ఆ పట్టీలదేనా అని అడిగింది. అంతా అదేనన్నాను. చెంపకు ఆనించుకుని కళ్లు మూసుకుంది. అప్పుడైనా చెప్పాల్సింది. నేనేం చేశానో తెలుసా? ఆమెను అడిగి ఫొటో తీసుకున్నాను. బిడ్డ పట్టీలు తల్లి మెడలో చుక్కలయ్యాయని రాసి పెట్టాను. చదివిన వాళ్లు ఏడ్చారట. పోయిన వాళ్ల వెండి నాకు పంపడం మొదలుపెట్టారు. దేనికదే వేరే మూసలో, రవ్వంత కూడా కలవకుండా కరిగించాను. ఆ నిజాయితీ మౌనిక తల్లికి ఏ విధంగా పనికొస్తుంది? ఆమె కథ వల్లనే నా పేరు పెరిగింది, ఆ కథలో అబద్ధమైనది నా పని ఒక్కటే.

కొన్నేళ్లకు ఆమె మళ్లీ వచ్చింది. చిక్కిపోయింది. గడప దగ్గరే నిలబడింది.

“అన్నా, ఒక పిల్ల రాలిపోయింది,” అంది.

లాకెట్ నా చేతిలో పెట్టింది. చిన్న గుండ్లలో ఒకటి లేదు.

“యాడ పడ్డది చెల్లె?”

“పనికాడనే. మిషను కింది బురదంత ఎండబెట్టి చాటతోటి చెరిగిన. సేటు తిట్టిండు. మా ఆయన గూడ పిచ్చి లేసిందా అన్నడు. దొర్కలే.”

ఆమె చేతులు చూశాను. వేళ్ల కొసలు రాతిపొడికి పగిలి తెల్లబారి ఉన్నాయి. దేనికోసం వెతికింది? నా డబ్బాలోని వెండి కోసం. మౌనిక కాలికి ఎన్నడూ తగలని వెండి కోసం.

“కొత్తది పెడత. ఫికర్ జెయ్యకు,” అన్నాను.

“గట్ల గాదన్నా. వేరే ఎండి అద్దు. మా బిడ్డది జరంత ఏమన్న మిగిలిందా నీ తాన?”

నేను చెప్పడానికి ఇంతకన్నా మంచి సమయం రాదు. అది నాకు ఆ క్షణంలోనే తెలుసు. ఆమె నా ముఖంలోకే చూస్తోంది.

“ఉన్నది చెల్లె. దాచిపెట్టిన,” అన్నాను.

ఆమె అక్కడే మెట్టు మీద కూలబడి ఏడ్చింది. బిడ్డ సంగతి చెప్పిన రోజు కూడా నా ముందు ఏడవలేదు. కొంగుతో ముఖం తుడుచుకుని, “నాకెర్కనే అన్నా, నువ్వు పారెయ్యవని,” అంది.

అదే డబ్బాలోంచి ఇంకో గుండు చేసి అతికాను. ఆమె చూస్తుండగానే.

ఇప్పుడైనా తాండూరు వెళ్లి చెప్పొచ్చు కదా అని మీరు అడుగుతారు. బస్సెక్కితే ఎంతసేపు? చెబితే నా గుండె తేలికవుతుంది, ఆమెకు మాత్రం బిడ్డ మళ్లీ పోతుంది. ఇలా అనుకుని ఊరుకుంటాను. కానీ ఇది ఆమె మీద జాలి అని మీతో అనలేను. జాలి ఎంతో, ఆమె కళ్లలోకి చూడాలంటే నాకున్న భయం ఎంతో, విడదీసి చూసే ధైర్యం నాకు లేదు.

ఆమె మెడలో ఉన్నది మౌనిక వెండి కాదు. తర్వాత అతికిన గుండు కూడా కాదు. ఆ తల్లికి నేను అబద్ధం చెప్పాను, తెలిసి చెప్పాను. క్షమించమని అడగడం లేదు, అడగాల్సింది మిమ్మల్ని కాదు. ఈ మాటలు రాశాక ఊపిరి మాత్రం కాస్త ఆడుతోంది.