కోసపాళయానికి రాని సముద్రపు గాలి

మా ఆవిడకు ఉబ్బసం. సముద్రపు గాలి తగిలితే నెమ్మదిస్తుందని వైద్యుడు చెప్పాడు. ఆర్కాటు పక్కనున్న మా ఊరు వదిలి పుదుచ్చేరికి మారాలా వద్దా అని నేను పలక మీద రెండు గళ్ళు గీశాను. బడికి వెళ్ళకుండా లెక్కలు నేర్చుకున్నవాడికి ఇలాంటి గళ్ళ మీద నమ్మకం మెండు. గాలికి ఇరవై మార్కులు, తిన్నని వీధులకు నాలుగు, అందరూ సమానమేనని ఫ్రెంచి దొరతనం అచ్చువేయించిన కాగితాలకు మూడు. ఎదురు గడిలో ఉప్పునీటి బావులకు ఐదు, చేపల కంపుకు ఏడు. మారవచ్చునని తేలింది.

ముందు పుదుచ్చేరిలోని కోసపాళయంలో మా బావమరిది ఇంట్లో పదిరోజులు ఉండి చూశాం. గాలికి కూడా అంతస్తులుంటాయని అక్కడ తెలిసింది. అది సముద్రం మీంచి నేరుగా దొరల మేడల్లోకి పోయేది. వాళ్ళు వాడుకోగా మిగిలింది, దొరల పేటకూ మా పేటకూ నడుమనున్న మురికికాలువ దాటి మా వైపు వచ్చేది. కాలువ తన వంతు కలిపి పంపేది. సమానమన్న ఆ కాగితం కాలువకు ఏ ఒడ్డున అచ్చయిందో నేను అడగలేదు. మా ఊళ్ళో డెబ్బై అడుగులకోసారి ఆగే మా ఆవిడ ఇక్కడ అరవైకే ఆగేది.

ఎనిమిదోరోజు పొద్దున చేపలకని ఇద్దరం బండిలో సముద్రపుటొడ్డున జాలర్లుండే కురుచికుప్పం వెళ్ళాం. ఒడ్డున పడవల మధ్య మూడువందల పద్దెనిమిది అడుగులు లెక్కపెట్టాను. ఆమె ఆగలేదు. పైగా బేరమాడింది.

మధ్యాహ్నం భోజనాల దగ్గర, ఆ కుప్పంలోనే ఇల్లు చూద్దామన్నాను. బావమరిది చేపముల్లు తీస్తూ ముఖం చిట్లించాడు.

"యాడైనా ఉండు బావా, ఆడ మాత్రం వద్దు. ఒకటే కంపు. మనోళ్ళు చూస్తే ఏమంటారు?"

"ఏందిరా కంపు? నువ్వు మూడోసారి వడ్డించుకుండేది అదే గదా," అంది మా ఆవిడ, మధ్యలో రెండుసార్లు ఊపిరి తీసుకుని.

"కూరలో ఉంటే వేరేక్కా. పక్కింట్లో ఉంటే వేరే."

"నీ మర్యాద నువ్వు పీల్చుకోరా తమ్ముడా. నాకు గాలి గావాల."

నేను ఆమె వైపు మాట్లాడబోయి తగ్గాను. ఆ కంపుకు ఏడు మార్కులు వేసినవాణ్ణి నేనే.

కుప్పం అంచున ఒక పెంకుటిల్లు తీసుకున్నాం. బావమరిది వర్షాకాలం దాకా మా గడప తొక్కలేదు. చేపలకు మాత్రం మనిషిని పంపేవాడు. నెల తిరిగేసరికి మా ఆవిడ బావి దగ్గర్నుంచి బిందెతో ఇంటిదాకా ఆగకుండా నడిచింది. నడుస్తూ దారిపొడుగునా నన్ను తిట్టింది. ఇన్నేళ్ళూ ఆమెది శాంతస్వభావమని నలుగురికీ చెప్పుకున్నాను. ఊపిరి చాలక ఊరుకుందంతే.