కొక్కేనికి చేరని ఇత్తడి బిళ్ళ

కొత్తగూడెం గనుల్లో ఇరవై రెండేళ్ళు పనిచేశాక, ఒక అక్టోబరులో కెనడా వచ్చి, రాకీ పర్వతాల దిగువనున్న భూగర్భ బొగ్గుగనిలో సేఫ్టీ ఆఫీసర్‌గా చేరాను. గని ఒక అమెరికన్ కుటుంబానిది. తాత మొదలుపెట్టిన వ్యాపారం. పెద్దాయన చైర్మన్, కొడుకు వైస్ ప్రెసిడెంట్, అల్లుడూ వైస్ ప్రెసిడెంటే. నా వర్క్ పర్మిట్ ఆ కంపెనీతో ముడిపడి ఉంది. రెండేళ్ళకు దాని రెన్యువల్ ఉత్తరం మీద చైర్మన్ సంతకం కావలసిన సమయంలోనే, ఆయన కొడుకుతో కలిసి గని చూడ్డానికి వస్తున్నారని కబురొచ్చింది.

"సంతకం అయ్యేదాకా కాస్త నోరు కట్టేసుకోండి, మీకు పుణ్యముంటుంది," అని మా ఆవిడ సరళ మరీ మరీ చెప్పి పంపింది.

గనిలోకి దిగే ప్రతి మనిషికీ రెండు ఇత్తడి బిళ్ళలిస్తారు. ఒకటి తలదీపాలిచ్చే ల్యాంప్ రూంలోని బోర్డు మీద, రెండోది బెల్టుకు. పైకొచ్చాక బెల్టు బిళ్ళ తెచ్చి మొదటిదాని పక్కన తగిలిస్తేనే మనిషి బయటికొచ్చినట్టు లెక్క. ఒక్క బిళ్ళ తక్కువైనా పని ఆపి, అందర్నీ పైకి రప్పించి, వెతకాలి.

పెద్దమనుషులు దిగారు, చూశారు, పైకొచ్చి కేకు కోశారు, ఎయిర్‌పోర్టుకు వెళ్ళిపోయారు. ఆ హడావుడిలో ఎవరూ బోర్డు వంక చూడలేదు. గంట తర్వాత ల్యాంప్ రూం చూసుకునే డొనాల్డ్ పరుగెత్తుకొచ్చాడు. చైర్మన్ గారి బెల్టు బిళ్ళ లేదట. అంటే బోర్డు లెక్కన ఆయన ఇంకా భూమి లోపలే ఉన్నారు!

డూప్లికేట్ బిళ్ళ తగిలించెయ్యమన్నాడు మేనేజరు. ఆయన కేకు తినడం నేనూ కళ్ళారా చూశాను. కానీ "బయటికి రావడం చూశాం" అన్న మాట మీద ఇవాళ ఊరుకుంటే, రేపు నిజంగా లోపల చిక్కుకున్నవాడి గురించీ ఎవడో ఒకడు అదే మాట అంటాడు. మేనేజరు వద్దు వద్దంటున్నా మిషన్లు ఆపించి, మనుషుల్ని పైకి రప్పించాను. చైర్మన్‌కు ఫోన్ చేశాను.

"సార్, మీరు గనిలో ఉన్నారు."

"నేను ఎయిర్‌పోర్టులో సూపు తాగుతున్నాను!"

"కావచ్చు సార్. బోర్డు ప్రకారం మాత్రం గనిలోనే ఉన్నారు. దయచేసి వచ్చి, బయటికి రండి."

వచ్చారు. కొడుకూ వెంట ఉన్నాడు. పెద్దాయన మొహం కందగడ్డలా ఉంది. బిళ్ళ ఇచ్చేశానని ఒట్టేసి, నలభై మంది కార్మికుల ముందు జేబులన్నీ తిరగేశారు. దువ్వెన, కళ్ళజోడు, పిప్పరమెంట్లు. బిళ్ళ లేదు. నా పర్మిట్ గంగలో కలిసిందనుకున్నాను. అప్పుడు కొడుకు తల వంచుకుని కోటు లోంచి బిళ్ళ తీశాడు. నాన్న డొనాల్డ్ బల్ల మీద పెట్టిన బిళ్ళను, ఆయన పుట్టినరోజుకు ఫ్రేము కట్టించి ఇద్దామని తీసి దాచాడట పాపం! కార్మికులు పకపకా నవ్వారు.

పెద్దాయన దాన్ని తీసుకుని తన చేత్తోనే కొక్కేనికి తగిలించి, కొడుకు వైపు తిరిగారు. తన తాతగారి గనిలో ఒకసారి ఇలాగే ఒక బిళ్ళ తక్కువైందట. ఇంటికెళ్ళి ఉంటాడులే అన్నారట. మూడో రోజున ఆ మనిషి శవం దొరికిందట. "ఆ మాట అన్నది మా నాన్నే," అన్నారు కొడుకుతో. నవ్వుతున్నవాళ్ళందరూ నవ్వడం మానేశారు.

నా ఉత్తరం మీద డొనాల్డ్ బల్ల దగ్గరే సంతకం పెట్టారు. వైస్ ప్రెసిడెంటు కొడుకుగారిని మాత్రం వారం రోజులు అక్కడే ఉండి బిళ్ళలు అందించమన్నారు. పాపం, రెండో రోజుకే బాగా నేర్చుకున్నాడు.

నేను రిటైరయ్యేదాకా ఆ గనిలో మళ్ళీ బిళ్ళ తప్పిపోలేదు. యజమానే వెనక్కి రావలసివచ్చిన చోట ఇంకెవరూ మర్చిపోయే సాహసం చేయరు. నా సేఫ్టీ ఉపన్యాసాలన్నీ కలిసి అంత పని చేయలేదు.