ట్రాక్టరుతో లాగిన కేబుల్

మోక రోడ్డులో మేం కట్టుకున్న ఇంటికి కరెంటు మీటరు ఆగ్నేయ మూలనే ఉండాలని మామగారు పట్టుబట్టారు. అగ్నికి సంబంధించినవన్నీ అక్కడే ఉండాలట. స్తంభమేమో సరిగ్గా ఎదురు మూల, వాయవ్యంలో ఉంది. దాన్ని జరపమని ఆయన కరెంటు ఆఫీసుకు అర్జీ పెట్టలేదు, అంతవరకు నయం. స్తంభం నుంచి మీటరు దాకా కేబుల్ కోసం వేసిన పైపు మాత్రం ఇంటికి సగం ప్రదక్షిణం చేసి, వరండా కిందుగా నాలుగు మలుపులు తిరిగింది.

మధ్యలో ఒక పెట్టె పెడితే మూత తీసి రెండు విడతలుగా లాగొచ్చని ఎలక్ట్రీషియన్ మొదటే చెప్పాడు. వరండాలో మూత కనిపిస్తే అందం చెడుతుందని మామగారు టైల్స్ పరిపించేశారు. బొటనవేలంత లావున్న కేబుల్ వరండా కిందికి, మూడో మలుపు దాకా వచ్చి ఆగిపోయింది. సబ్బునీళ్లు పోశారు. నలుగురు మగవాళ్లు కేబుల్‌ కొసకున్న ఇనప తీగకు తాడు కట్టి రథం లాగినట్టు లాగారు. తాడు తెగి నలుగురూ వెల్లకిలా పడ్డారు.

గృహప్రవేశం మర్నాడే. అందుకని మామగారి తమ్ముడు ట్రాక్టరు తెచ్చి ఆ తీగకు తగిలించాడు. ఎలక్ట్రీషియన్ వద్దని చెప్పి చూసి, పోయి నీడలో కూర్చున్నాడు. ట్రాక్టరు ఒక్క గుంజు గుంజగానే కేబుల్ కొస మీటరు మూలన బయటపడింది. అందరూ చప్పట్లు కొట్టారు. నేను మాత్రం ఆ కొస చూశాను. పైతొడుగు చెక్కుకుపోయి రాగి ఎర్రగా కనిపిస్తోంది. కొసే ఇలా ఉంటే మలుపుల దగ్గర ఎలా ఉంటుంది? రోజూ నీళ్లు కొట్టి కడిగే వరండా అది. నా పది నెలల బిడ్డ పాకేదీ అక్కడే.

కేబుల్ బయటికి తీయించమన్నాను. మామగారు జవాబు నాకు కాదు, తమ్ముడికి చెప్పారు.

"సదువుకున్నోళ్లతో ఇదేనప్పా తంటా. కరెంటు పైపులో ఉంటాది, బిడ్డ పైన ఉంటాది. యాడ తగుల్తాది? సుమ్నే, ఊరికే గలాటా."

మా ఆయన ట్రాక్టరు టైరును శ్రద్ధగా పరిశీలిస్తున్నారు. వాళ్ల నాన్నకూ నాకూ మాట పెరిగినప్పుడల్లా ఆయనకు చుట్టుపక్కల ఏదో ఒక వస్తువు మీద అపారమైన ఆసక్తి పుడుతుంది.

బీయస్సీలో నేను చదివిన ఫిజిక్సు ఆ ఇంట్లో ఎవరికీ పనికిరాలేదు. అందుకే దాని జోలికి పోలేదు.

"కేబుల్ తీసేదాకా నేను పాలు పొంగించను మామా" అన్నాను.

కరెంటుకు భయపడనివాళ్లు దానికి భయపడ్డారు. ఎమ్మిగనూరు నుంచి బస్సు నిండా చుట్టాలు వస్తున్నారు. కోడలు పొయ్యి ముందు లేకపోతే వాళ్లకేం చెప్పాలి? సాయంత్రానికల్లా టైల్స్ పగిలాయి. కేబుల్ వెనక్కి లాగితే మూడో మలుపులో ఇరుక్కున్నచోట జానెడు మేర తొడుగే లేదు. అందరూ వంగి చూశారు. మామగారు పగిలిన టైలు ముక్కను కాలితో పక్కకు తోశారు.

"ఈడ పెట్టె ఉండాలని నేను అప్పుడే అనుకుంటి."

అక్కడ పెట్టె పెట్టించాక కొత్త కేబుల్ సులువుగా పోయింది. ఇప్పుడు వచ్చినవాళ్లందరికీ ఆయన ఆ మూత చూపించి తన ముందుచూపు గురించి చెబుతారు.

నా భయం మాత్రం పోలేదు. రోజూ పొద్దున వరండా కడిగాక, బిడ్డను దించేముందు తడినేలకు టెస్టరు ఆనించి చూస్తాను. నాకు పిచ్చి అని మా ఆయన నవ్వుతారు. నవ్వుతూ, కాఫీ గ్లాసుతో గడప లోపలే నిలబడతారు. టెస్టరులో లైటు వెలగలేదని నేను చెప్పాకే కాలు బయటపెడతారు.