పేరు తెలియని సిపాయికి పిండం

దయ్యాల కబుర్లు మొదలైతే లేచి వెళ్లిపోయే రకం నేను. సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ నా ఉద్యోగం. మళ్లీ చేసి చూపించలేని తప్పును రిపోర్టులో రాయను. ఇప్పుడు చెప్పబోయేది మళ్లీ చేసి చూపించమంటే నా వల్ల కాదు. అయినా నా కళ్ల ముందే జరిగింది కాబట్టి రాస్తున్నాను.

2007లో మేం అమెరికాలోని ఫ్రిస్కోలో ఉండేవాళ్లం. నా భర్త మురళి, నేను ఎమ్మెస్‌లో క్లాస్‌మేట్స్. ఆ వసంతంలో మా మామగారి తద్దినం వచ్చింది. పిండాలు పారే నీళ్లలోనే కలపాలని మురళి పట్టు. మా కాలనీలో ఉన్నదల్లా వాన నీళ్ల చెరువు. అంతకుముందు ఏడాది అందులో కలిపితే, బాతులకు మేత వేయకూడదని అసోసియేషన్ వాళ్లు నోటీసు అంటించి పోయారు. మా మామగారి పిండం వాళ్ల కంటికి బాతుల మేతలా కనిపించింది, ఏం చేస్తాం!

అందుకని ఈసారి తెల్లవారుజామునే అన్నం వండుకుని, పడమర వైపు కొన్ని గంటలు డ్రైవ్ చేసుకుంటూ ఒక నది ఒడ్డున ఉన్న పాత సైనిక కోటకు వెళ్లాం. ఇప్పుడది పార్కు. మిగిలినవి రాతి పొగగొట్టాలు, కొన్ని మొండిగోడలు. వారం మధ్యలో వెళ్లడంతో మేం తప్ప సందర్శకులు లేరు. ఎండ ఫెళ్లున కాస్తోంది.

అక్కడ వాలంటీరుగా పనిచేసే అమెరికన్ పెద్దావిడ ఒకరు మమ్మల్ని వదలకుండా కోటంతా తిప్పారు. వలస వచ్చేవాళ్ల దారికి కాపలాగా సైన్యం ఈ కోట కట్టిందట. అక్కడి ఆదివాసులైన కొమాంచీలు వలసదారుల ఇళ్ల మీద పడేవారట, సైనికులు వెళ్లి వాళ్ల గుడారాలు తగలబెట్టేవారట. బాణాలకు పోయినవాళ్లకన్నా జ్వరాలకూ విరేచనాలకూ పోయిన సిపాయిలే ఎక్కువట. తట్టుకోలేక కొందరు పారిపోయేవారు. పట్టుబడితే మైదానం మధ్య గుంజకు కట్టేసి తోలు కొరడాతో కొట్టేవారు. అలా ఒకడు చచ్చిపోతే శ్మశానంలో చోటివ్వక నది ఒడ్డునే పూడ్చిపెట్టారట. వాడి పేరు ఎవరికీ తెలియదు. తర్వాత నది ఒడ్డును కోసేసుకుని ఆ సమాధినీ తీసుకుపోయింది.

ఆవిడ ఆఫీసు గదికి వెళ్లిపోయాక, మురళి చొక్కా విప్పి పంచె కట్టుకుని నీళ్ల అంచున కూర్చున్నాడు. పంతులుగారి మంత్రాలు ఐపాడ్‌లో రికార్డు చేసుకుని తెచ్చుకున్నాడు. వాళ్ల నాన్నగారికీ, తాతలకూ పిండాలు పెట్టడం అయిపోయింది. మిగిలిన అన్నంతో ఇంకో ముద్ద చేశాడు.

"ఇదెవరికి?" అన్నాను.

"ఆ సిపాయికి. పాపం, వాడికి ఎవరు పెట్టుంటారు?"

"పేరు తెలీదు, గోత్రం తెలీదు. ఎవడొచ్చి తింటాడో నీకేం తెలుసు?"

"ఎవరొస్తే వాళ్లే తింటార్లే."

నేను నవ్వాను. మురళి మనసు అంతే, వెన్న. ఆ ముద్దను నీళ్లలో వదిలాడు.

తడిబట్టను బండకేసి బాదినట్టు ఫట్‌మని చప్పుడైంది. మురళి ముందుకు తూలాడు. ఏదైనా కొమ్మ విరిగి పడిందేమో అనుకున్నాను. అతని రెండు భుజాల మధ్య ఎర్రటి చార పొంగింది. నేను చూస్తుండగానే దాని మీద అడ్డంగా రెండోది పడింది. నేను అతని వెనకే ఉన్నాను. మా ఇద్దరి మధ్య ఎండ తప్ప ఇంకేమీ లేదు.

మూడో దెబ్బకు చర్మం చిట్లి రక్తం కారింది. మురళి కేక పెడుతూ బోర్లా నీళ్లలో పడ్డాడు. పడేటప్పుడు చేతులు ఆనించలేదు. మణికట్లు రెండూ కట్టేసినట్టు అతుక్కుపోయి ఉన్నాయి. ముఖం నీళ్లలో మునిగింది. మోకాలి లోతు నీళ్లలో నా మొగుడు మునిగిపోతున్నాడు, పైనుంచి దెబ్బలు ఆగడం లేదు. దెబ్బ పడినప్పుడల్లా నీళ్లు ఎర్రగా చిందుతున్నాయి. ఒడ్డున ఐపాడ్ మంత్రాలు చదువుతూనే ఉంది.

జుట్టు పట్టుకుని తల పైకి లాగాను. గుటక వేసి మళ్లీ మునిగాడు. ఒళ్లు రాయిలా బిగుసుకుపోయి ఉంది. ఇక చేసేదేమీ లేక అతని వీపు మీద పడి వాటేసుకున్నాను. ఒక దెబ్బ నా మోచేతి కింద పడింది. ఎముక దాకా మంట.

"ఆపరా! చచ్చిపోతాడు!" అని అరిచాను.

ఆగింది. మురళి చేతులు విడివడ్డాయి.

నా అరుపు విని ఆ పెద్దావిడ పరిగెత్తుకొచ్చారు, అంబులెన్స్ పిలిచారు. అక్కడ మేమిద్దరం తప్ప ఎవరూ లేరని పోలీసుకు ఉన్నదున్నట్టు చెప్పారు. ఆ నిజమే నన్ను ఇరికించింది.

ఆసుపత్రిలో మమ్మల్ని విడదీశారు. ఇవి తోలు పట్టీ దెబ్బలేనని డాక్టర్ తేల్చేశాడు. బెల్టు ఎక్కడ దాచావని పోలీసు నన్ను మళ్లీ మళ్లీ అడిగాడు. మా కారంతా వెతికితే కుక్కరూ నువ్వుల డబ్బా దొరికాయి. నా చేతి మీదున్న వాత కూడా సరిగ్గా అదే వెడల్పు ఉండడంతో ఏం రాసుకోవాలో అతనికి పాలుపోలేదు. పక్క గదిలో మురళి మాత్రం ఒకే మాట పట్టుకున్నాడట, నా భార్య అడ్డం పడకపోతే నేను బతికేవాణ్ణి కాదని. చివరికి వదిలేశారు.

వెనక సీట్లో బోర్లా పడుకుని ఇంటికి వస్తూ మురళి అన్నాడు.

"కొట్టేవాడు ఏడుస్తున్నాడే. ప్రతి దెబ్బకీ ముందు వెక్కిళ్లు వినబడ్డాయి."

నాకేమీ వినబడలేదు. రోజూ మురళి వీపుకు మందు రాస్తూ, ఆ కొట్టినవాణ్ణి నోటికొచ్చినట్టు తిట్టేదాన్ని. కొన్నాళ్లకు ఉండబట్టలేక పార్కుకు ఫోన్ చేసి, అసలు కొరడా ఎవరి చేతికిచ్చేవారని ఆ పెద్దావిడను అడిగాను. ఏడుపు సంగతి ఆవిడకు చెప్పలేదు.

ఆఫీసర్లు కొరడా ముట్టుకునేవారు కాదట. దొరికినవాడితో ఒకే గదిలో పడుకున్నవాణ్ణి, ఒకే గిన్నెలో తిన్నవాణ్ణి పిలిచి కొట్టమనేవారట. మెల్లగా కొడితే వాణ్ణీ అదే గుంజకు కట్టేవారట.

ఆ రాత్రి మందు రాస్తుంటే నాకు తిట్టు నోటికి రాలేదు. ఏడుపొచ్చింది. మురళి పెట్టిన ముద్దకు వచ్చింది దెబ్బలు తిన్నవాడో, కొట్టినవాడో నాకు తెలియదు. ఎవడైతేనేం, అన్నం పెట్టిన మనిషిని ఎందుకు కొట్టాడో ఇప్పటికీ నాకు అర్థం కాలేదు.