ఆయుధపూజ నాటి రాగితీగ

పూర్ణచంద్రరావు గారు ఇక లేరన్న దుర్వార్త హనుమాన్ జంక్షన్‌లో బస్సులో ఉండగా ఫోన్‌లో విన్నాను. అంతకు ముందు ఆదివారమే భవానీపురంలో వారింట్లో కాఫీ తాగి, వాదులాడి వచ్చాను. నమ్మలేకపోయాను. నా ఊరికి టికెట్ ఉందన్న సంగతి కూడా మరిచి అక్కడే దిగిపోయాను.

ఆయన విమానాల ఇంజనీరు, నాకు ప్రత్యక్ష గురువు. అప్పటికే ఎగురుతున్న ఒక యుద్ధవిమానాన్ని శత్రు రాడార్‌కు వీలైనంత తక్కువగా కనిపించేలా సంస్కరించడం మా బృందం బాధ్యత. ఆకారం మార్చే స్వేచ్ఛ లేదు. పలకల మధ్య సందులు పూడ్చాలి, రాడార్ తరంగాలను పీల్చుకునే పూత పూయాలి. ప్రతి అతుకునూ ఆయన కళ్ళు మూసుకుని వేలికొసలతో తడిమేవారు. “మాయం చెయ్యలేమయ్యా. కాస్త ఆలస్యంగా కనబడితే చాలు, మన పైలట్ ఇంటికొస్తాడు” అనేవారు. ఆ మాట అన్నప్పుడల్లా ఆయన గొంతు మెత్తబడేది.

ఆ ఏడు ఆయుధపూజకు విమానానికి బొట్లు పెట్టి బంతిపూల దండ వేశాం. దండ జారిపోతుంటే నేనే సన్నని రాగితీగను ఒక సందులోకి దూర్చి కట్టాను. దండ తీసినప్పుడు తీగ ముక్క అక్కడే ఉండిపోయింది. మర్నాడు పై అధికారుల సమక్షంలో, విమానాన్ని నేల మీదే ఉంచి రాడార్ పరీక్ష. మసక చుక్కగా కనిపించవలసిన మా విమానం రాడార్ తెర మీద పెళ్ళిపందిరిలా వెలిగిపోయింది. పూత బయటికి పొడుచుకొచ్చిన రాగి ముక్క తరంగాలను తిప్పికొట్టింది.

ఆ ముక్కను పట్టుకున్నవి ఆయన వేళ్ళే. “ఎవరు కట్టారయ్యా ఇది?” అని అడిగారు. నా ఉద్యోగం ఖాయమై నెల కూడా కాలేదు. పనిముట్లు సర్దుతున్నట్టు వంగిపోయాను. ఆయన రెండోసారి అడగలేదు. నివేదికలో బాధ్యుడిగా తన పేరే రాసుకున్నారు. ఆ పని నుంచి ఆయనను తప్పించారు. మా విమానం కొత్త పూతతో తొలిసారి ఎగిరిన రోజు ఆయన వేరే ఊళ్ళో ఉన్నారు. వెళ్ళేముందు మాత్రం, “పూజ మానకండయ్యా. దండ చక్రానికి వెయ్యండి, పైన వద్దు” అని చెప్పి వెళ్ళారు.

ఆయన పదవీవిరమణ తర్వాత ఎన్ని ఆదివారాలు ఆయన ఎదుట కూర్చున్నానో! ప్రతిసారీ చెప్పాలనే వెళ్ళేవాణ్ణి. కాఫీ వచ్చేది, మాట మారిపోయేది. ఇంత పిరికివాణ్ణి ఆయన శిష్యుణ్ణని ఎలా చెప్పుకునేది?

పదోరోజున ఆయన భార్య సుభద్రమ్మ గారి దగ్గర ఆ తీగ సంగతి ఏడుస్తూ బయటపెట్టాను. ఆవిడ కొంగుతో కళ్ళు తుడుచుకుని, “ఆయనకి తెలుసు బాబూ. నువ్వు వెళ్ళాక, ‘ఇవాళా చెప్పలా. పాపం, ఇంకా భయమే వాడికి’ అని నవ్వేవారు” అన్నారు.

అంతటి సౌజన్యమూర్తి, అంత ఓర్పు గల గురువు ఈ జన్మకు నాకు మళ్ళీ దొరకరు. గురువుగారూ, ఆ నివేదికలో ఉండవలసిన పేరు నాది. మీ కాళ్ళ దగ్గర కూర్చుని చెప్పవలసిన మాట, మీరు చదవని ఈ కాగితం మీద చెబుతున్నాను.